సీట్ షఫుల్ ప్రోగ్రామ్: కొత్తగా చేరినవారికి సలహాలు

1998లో సైబర్ టవర్స్ తెరిచిన నాటి నుంచి మాదాపూర్ ఆఫీసుల్లో కోడ్ మారినా మారకపోయినా సీట్లు మాత్రం మారుతూనే ఉన్నాయి. ఎవరు ఏ సీటుకి పోవాలో ఫెసిలిటీస్ వాళ్లు ఎక్సెల్ షీటు పంపుతారు. అదొక ప్రస్తారం. దాన్ని వియుక్త చక్రాలుగా విడగొట్టే ప్రోగ్రామ్ మీ నెత్తిన పడితే భయపడకండి. సరిగా రాస్తే పావుగంట పని. పావుగంట పనికి అప్రైజల్లో ఏం రాలుతుంది? అందుకే ఈ సలహాలు.

ఏడుగురున్నారనుకోండి. 1లో ఉన్నాయన 3కి, 3లో ఆవిడ 5కి, 5లో ఆయన 1కి. 2, 6 ఒకరి చోటికి ఒకరు. 4, 7 కదలరు. చాదస్తులు 1 దగ్గర మొదలుపెట్టి, చూసిన సీటుకల్లా టిక్కు పెట్టుకుంటూ పోయి, తిరిగి 1కి రాగానే చక్రం మూసేసి, టిక్కులేని తర్వాతి సీటు పట్టుకుంటారు. (1 3 5)(2 6)(4)(7) అని తేలిపోతుంది. ఆ టిక్కులు మీకొద్దు. అవి లేకపోతే (1 3 5), (3 5 1), (5 1 3) అంటూ ఒకే చక్రం మూడుసార్లు అచ్చవుతుంది. రిపోర్టు నిండుగా ఉంటుంది.

కదలనివాళ్లను లెక్కలోకి తీసుకోకండి. (4), (7) రాయడం గణితజ్ఞులే మానేస్తారు, గ్యాప్ అనే బీజగణిత సాఫ్ట్‌వేరూ వదిలేస్తుంది. మనుషుల సంఖ్యలోంచి చక్రాల సంఖ్య తీసేస్తే కనీసం ఎన్ని జంట మార్పిళ్లు కావాలో వస్తుంది: 7 − 4, అంటే మూడు. మీరు 7 − 2 చేసి ఐదనండి. పెట్టెలు మోసేవాళ్లకు ఆ మిగతా రెండింటికీ ఊరికే కూలి దొరుకుతుంది, పుణ్యం.

సీట్ల నంబర్లు 1 నుంచి, పైథాన్ లెక్క 0 నుంచి. ఏదో ఒకటి ఖాయం చేసుకోవద్దు. 7వ సీటు దగ్గర ఎర్రర్ వస్తే ఆ మనిషిని వర్క్ ఫ్రమ్ హోమ్‌కి పంపేయండి.

రికర్షన్ వాడండి, చూడ్డానికి ఘనంగా ఉంటుంది. 1000 పిలుపుల లోతు దగ్గర పైథాన్ చేతులెత్తేస్తుంది గానీ, అంత పొడవు చక్రం వచ్చేసరికి ప్రాజెక్టు మారిపోతారు.

షీటును అనుమానించకండి. 1, 5 ఇద్దరికీ 3వ సీటే రాసి, 3లో ఆవిణ్ణి 5కి పంపారనుకోండి. బయల్దేరిన 1కి తిరిగొస్తేనే ఆగాలన్నది మీ నియమం కాబట్టి ప్రోగ్రామ్ 3, 5 మధ్యే గిరగిరా తిరుగుతుంది. “ప్రాసెస్ అవుతోంది” అని చెప్పి రాయదుర్గంలో మెట్రో ఎక్కేయండి.

ఇదే షఫుల్ రోజూ చేస్తే అందరూ పాత సీట్లకు ఎప్పుడొస్తారని మేనేజర్ అడగొచ్చు. చక్రాల పొడవులకు క.సా.గు. తీస్తే చాలు. మన ఏడుగురికీ ఆరు రోజులు. మీరు మాత్రం రోజుకోసారి జరిపి చూడండి. వందమంది ఫ్లోర్లో అది 23,27,92,560 రోజులదాకా పోవచ్చు, ఆరు లక్షల ఏళ్ల పైమాటే. నోటీసు పీరియడ్ ఎప్పుడో అయిపోతుంది.

అన్నిటికంటే విలువైన చిట్కా ఇది. షీట్లో 1 ఎదురుగా 3 ఉంటే, 1లో మనిషి 3కి పోవాలనా, 3లో మనిషి 1కి రావాలనా? అడగొద్దు. తిరగేసి చదివినా చక్రాల సంఖ్య అదే, పొడవులూ అవే, మార్పిళ్లూ క.సా.గు.వూ అవే. టెస్టులన్నీ ఇద్దరిద్దరి మార్పిళ్లతోనే రాయండి. ఇద్దరి చక్రం ఎటు తిప్పినా ఒకటే కాబట్టి అన్నీ పచ్చగా వెలుగుతాయి. సోమవారం పొద్దున 1, 3, 5 గొడవకొస్తే ఇంకోసారి నడపండి. ముగ్గురి చక్రాన్ని వెనక్కి రెండుసార్లు తిప్పితే ముందుకు ఒకసారి తిప్పినట్టే, వాళ్లు శాంతిస్తారు. ఈలోగా 2, 6 పాత సీట్లకు చేరిపోయి ఉంటారు. వాళ్ల పేరు మీద కొత్త టికెట్ తెరవండి.