కరువు సీమలో పుట్టి వెల

వెదురు బద్దలను గుండ్రంగా గంపలా అల్లి, నీరు చొరకుండా వెలుపలివైపు తోలుగానీ తారు పూసిన పట్టాగానీ కప్పి, ఒకే తెడ్డుతో నడిపే చిన్న పడవను తెలుగువారు పుట్టి అంటారు. తుంగభద్ర తీరంలో దానికే అరిగోలు అన్న పేరూ ఉంది. అనంతపురం జిల్లా కూడేరు మండలంలోని పెన్నహోబిలం బ్యాలెన్సింగ్ రిజర్వాయరులో, అంటే జనం పీఏబీఆర్ అని పిలిచే జలాశయంలో, చేపల వేటకు పనిచేసి, పాతబడి, మరమ్మతు పొంది, అమ్మకానికి వచ్చిన అటువంటి పుట్టి ఒకటి తన వెల ఎట్లా తేలిందో చెప్పుకొనే కథ ఇది. మామూలు పడవకు ముందూ వెనుకా ఉంటాయి, పుట్టికి ఉండవు. తన సంగతి చెప్పుకొనేటప్పుడు సైతం ఈ పుట్టి పక్కన నిలబడి చూస్తున్నట్టుగానే మాట్లాడడానికి అదీ ఒక కారణం కావచ్చు.

దీని జాతి పాతది. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, ఆనెగొంది దగ్గర జనం నదిని దాటే గుండ్రని పడవలను వర్ణిస్తూ, లోపల బెత్తపు అల్లిక, వెలుపల తోలు ఉంటాయని, ఒక్కొక్కదానిలో పదిహేను ఇరవై మంది పడతారని, అవసరమైతే గుర్రాలూ ఎద్దులూ కూడా వాటిలో దాటగలవని రాశాడు. అంతకు దాదాపు రెండు వేల ఏళ్ల ముందు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ బాబిలోను నగరానికి సరుకు తెచ్చే తోలు పడవల గురించి చెప్పిన సంగతి, వెల కట్టేవారికి మరింత పనికివస్తుంది. ప్రవాహానికి ఎదురు పోలేని ఆ పడవలను సరుకు దింపగానే విప్పి, చట్రాన్నీ అడుగున పరిచిన గడ్డినీ అక్కడే అమ్మేసి, తోళ్లను మాత్రం వెంట తెచ్చుకొన్న గాడిదలపై వేసుకొని తిరిగి నడిచి వెళ్లేవారట. గుండ్రని పడవలో చట్రం వేరు, కప్పు వేరు, రెంటికీ ఆయుష్షూ వేరు, వెలా వేరు అన్న సంగతి ఆ వర్తకులకు తెలుసు. తోలుకు బదులు పట్టా, తారు వచ్చినా పీఏబీఆర్ గట్టు మీద ఈనాటికీ నడిచేది ఆ లెక్కే.

ఈ పుట్టిని అల్లినవారు మేదరులు, అంటే వెదురు పనే కులవృత్తిగా గల చేతిపనివారు; కొన్నది బెస్త కుటుంబం, అంటే తరతరాలుగా నీటి మీద బతికినవారు. అడుగు బల్లపరుపుగా ఉండడం వల్ల ఇది మోకాటి లోతు నీటిలోనూ తేలుతుంది. మునిగిన రాళ్లూ తుమ్మ మొద్దులూ నిండిన జలాశయంలో దేనికైనా తగిలితే పగలకుండా పక్కకు తిరిగిపోతుంది. ఒడ్డు చేరాక మనిషి దాన్ని వీపున బోర్లించుకొని నడిచిపోగలడు. తెడ్డు వేయడం తెలియనివాడి చేతిలో మాత్రం ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది, దానికి పుట్టిని నిందించి లాభం లేదు. బొచ్చె, రాగండి, బంగారుతీగ, జిలేబి చేపలకు వేసిన వలల బరువునూ ఇద్దరు మనుషుల బరువునూ మోయడం దీని వృత్తిగా సాగింది.

నీళ్లే లేని సీమలో పడవ ఎందుకన్న ప్రశ్నకు ఈ సీమ నీటి చరిత్రే సమాధానం. నైరుతి రుతుపవనాలను పడమటి కనుమలు అడ్డుకోవడం వల్లా, ఈశాన్య రుతుపవనాల బలం తూర్పు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి తగ్గిపోవడం వల్లా, అనంతపురానికి ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లే. ఆ వానను పట్టుకోవడానికే బుక్కరాయసముద్రం వంటి చెరువులను విజయనగర కాలంలో కట్టారు. వాన చాలని లోటును బయటి నదులతో పూడ్చే ప్రయత్నం తరువాతిది: 1953లో పూర్తయిన తుంగభద్ర ఆనకట్ట నుంచి ఎగువ కాలువ, అంటే హెచ్చెల్సీ, ఒకవైపు, శ్రీశైలం వెనుక జలాల నుంచి కృష్ణా నీటిని మెట్లుమెట్లుగా ఎత్తిపోసి 2012లో జీడిపల్లి జలాశయానికి చేర్చిన హంద్రీ-నీవా మరొకవైపు. పీఏబీఆర్‌కు ప్రధానంగా హెచ్చెల్సీ నీరే వస్తుంది కనుక అందులో తేలే పుట్టి భవిష్యత్తు స్థానిక మేఘంపైకన్నా హొసపేట దగ్గరి తుంగభద్ర ఆనకట్ట గేట్ల మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. ఆ ఆనకట్ట కట్టిననాటి నిల్వ దాదాపు 132 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు). పూడిక పేరుకొని అది సుమారు 105 టీఎంసీలకు పడిపోయింది.

కరువు పుట్టిని రెండు విధాల దెబ్బతీస్తుంది. నీరు తగ్గితే వేట తగ్గుతుందన్నది అందరికీ తెలిసినదే. నీటికి దూరమైన పుట్టి ఒడ్డున కూడా పాడవుతుందన్నది కొనేవారు సైతం మరచిపోయే సంగతి. తడి అందని వెదురు ఎండి చీలుతుంది, పుచ్చు పడుతుంది, తారు మే నెల ఎండకు మెత్తబడి జారి, చలికాలంలో బిగుసుకొని పగుళ్లు వారుతుంది. ఈ పుట్టి రెండు వరుస కరువు సాళ్లు వేపచెట్టు కింద బోర్లా పడి ఉన్నప్పుడు, అంతకుముందు ఎన్నో ఏళ్లు నీటిలో నానినప్పటికన్నా ఎక్కువగా చెడిపోయింది.

మరమ్మతుకు పూనుకొన్నవారు ముందు పాత తారును కాచిన ఇనుప పట్టీతో గీకి, చినిగిన పట్టాను ఊడదీసి, అల్లికను బయటపెట్టారు. విరిగిన బద్దలను లాగేసి, నానబెట్టిన పచ్చి వెదురు బద్దలను అదే దారిలో దూర్చారు. అడుగున బరువు మోసే అడ్డ బద్దలన్నిటినీ మార్చారు. అంచు చుట్టను మాత్రం గట్టిగా ఉన్నందువల్ల అట్లాగే ఉంచారు. కొత్త పట్టాను సాగదీసి నైలాను దారంతో అంచుకు కుట్టి, కరిగించిన తారును వేడిగా పూసి, ఎండనిచ్చి మరొకమారు పూశారు. చివర పుట్టిని రాత్రంతా నీటి మీద వదిలి, తెల్లవారి లోపలివైపు చెమ్మ ఎక్కడైనా కనిపిస్తుందేమోనని వేలితో తడిమి చూశారు. ఈ చివరి పరీక్ష చేయని మరమ్మతు ఎంత నునుపుగా కనిపించినా దానికి వెల కట్టనక్కరలేదు.

వెల లెక్కను ఇక్కడివారు ఇప్పటికీ అణాలలో చెప్పుకొంటారు. రూపాయికి పదహారు అణాలు కనుక, కొత్త పుట్టి ధరను పదహారణాలుగా తీసుకొంటే, వెదురు, పట్టా, తారు, కూలి కలిపి ఈ మరమ్మతుకు ఏడణాలు పట్టింది. యజమాని దానికి పాత చట్రం వెల ఆరణాలు కలిపి పదమూడు అడిగాడు. ఖర్చును వెలగా భావించడం అమ్మేవారి సహజ దోషం. కొనేవాడు ఖర్చును కాక, మిగిలిన ఆయుష్షును కొంటాడు. బాగుచేసిన పుట్టి కొత్తదాని ఆయుష్షులో సగానికి మించి ఇవ్వదన్నది గట్టు మీద తెలిసిన మాట. పైగా కుళ్లని, పుచ్చని ఫైబర్ పుట్టి పక్కనే అమ్మకానికి ఉన్నప్పుడు వెదురు పుట్టికి బేరం మరింత బిగుస్తుంది.

మొదట అడిగినవాడు సెలవు రోజుల్లో జనాన్ని షికారు తిప్పడానికి కావాలన్నాడు. 2017 ఏప్రిల్‌లో గుంతకల్లు దగ్గరి ఎర్రతిమ్మరాజు చెరువులో పడవ మునిగి, విహారానికి వెళ్లినవారిలో పదిమందికి పైగా మరణించిన సంగతి ఈ జిల్లాలో ఎవరూ మరవలేదు. ఇద్దరిని మోసే అల్లికను పదిమందికి అమ్మడానికి యజమాని ఒప్పుకోలేదు, అది సరైన నిర్ణయం. రెండవవాడు రహదారి పక్క హోటలు అలంకారానికి పాత పుట్టి వెతుకుతూ వచ్చి ఇరవై అణాలు, అంటే కొత్తదానికన్నా ఎక్కువ ఇస్తానన్నాడు. తీరా అతని షరతు, అల్లిక కనబడేటట్టు తారంతా గీకివేయాలని. ఏడణాలు పోసి చేసిన పని అతని దృష్టిలో కొట్టివేయవలసిన మురికి. చివరకు అతను పక్క దొడ్డిలో విరిగి పడివున్న పుట్టిని మూడణాలకే కొని పోయాడు. మరమ్మతు ఎవరికోసమో తేల్చుకోకుండా చేయించినవారికి ఇటువంటి నష్టం తప్పదు.

మూడవవాడు వల వేసేవాడు. 2024 జులై చివరికి తుంగభద్ర నిండి గేట్లు ఎత్తారు, అతను పన్నెండణాల దాకా వచ్చాడు. ఆగస్టు 10 రాత్రి ఆనకట్టకున్న 33 గేట్లలో 19వ దాని గొలుసు తెగి గేటు కొట్టుకుపోగానే, నిల్వ నీరు నదిపాలవుతుందన్న వార్తతో బేరం ఆగిపోయింది. పుట్టిలో ఒక్క బద్ద కూడా మారలేదు, దాని వెల మాత్రం ఆ వారం దాదాపు సున్నా అయింది. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో వారం లోపలే తాత్కాలిక ఇనుప పలకలు దించి ప్రవాహాన్ని ఆపిన తరువాత మాటలు మళ్లీ మొదలై పదణాల దగ్గర కుదిరాయి. అందులో నాలుగణాలు సంచకారంగా, అంటే బేరం ఖాయమైనందుకు ముందుగా ఇచ్చే సొమ్ముగా, అప్పుడే చేతికందాయి. మిగిలిన ఆరణాలు మరుసటి ఏడు హెచ్చెల్సీకి నీళ్లు వదిలిన నెలలో చెల్లించాలని, నీళ్లు రాకపోతే ఆ పైయేటికి వాయిదా పడుతుందని, వడ్డీ మాత్రం ఉండదని ఇద్దరూ ఒప్పుకొన్నారు.