సముద్రము లేని రేవు అధికారి

మా సత్తెనపల్లికి సముద్రము లేదు. తిన్నగా గీత గీసి కొలిచినను సూర్యలంక తీరము సుమారు డెబ్బది కిలోమీటర్ల దవ్వున నున్నది. ఆ నడుమ నున్నవన్నియు మిరపతోటలు, పత్తిచేలు, వరిమళ్లు, గుంటూరు యార్డుకు బస్తాలు మోయు లారీలు. ఐనను మా యూరికి రేవు అధికారి యొకడు కలడు. ఆయనను నియమించినవారు లేరు, జీతమిచ్చువారు లేరు, ఆయన యేలుబడిలో పడవ మాట యటుండగా పుట్టి యైనను లేదు. కాని అండమాను దీవుల కావల ఎచ్చటనో గాలి యొకించుక సుడి తిరిగినదో లేదో, ఆయన తన యింటి గేటునకు వ్రేలాడు పలకమీద సుద్దముక్కతో ‘1’ అని వ్రాయును. మచిలీపట్నము రేవున ఒకటవ నంబరు ప్రమాద హెచ్చరిక యెగురుటకు పూర్వమే అది మా వీథిలో నెగురుట కద్దు.

ఊరిలో నాయనకు వాయుగుండంగారని పేరు. అసలు పేరు రేషను కార్డులో భద్రముగా నున్నదనియు, శుభలేఖలు పంపువారు తప్ప మరెవ్వరును దాని జోలికి పోరనియు ప్రతీతి. ఒకానొక కార్యాలయమున లెక్కల గుమాస్తాగా చిరకాలము పనిచేసి, పైయధికారి ముఖకవళికలనుబట్టి గది లోపలి పీడనమును గుర్తించు విద్యయందు ఆరితేరినవా డగుటచే, కొలువులో నున్నన్నాళ్లు తీరిక వేళలకు పరిమితమైయుండిన యీ వ్యసనము విరమణానంతరము పూర్తికాలపు కొలువైనది. గాలివేగము గంటకు 31 కిలోమీటర్లు చేరిన వాయుగుండమనియు, 50 చేరిన తీవ్ర వాయుగుండమనియు, 62 చేరిన తుఫాననియు, 89 చేరిన తీవ్ర తుఫాననియు, 118 చేరిన అతి తీవ్ర తుఫాననియు వాతావరణశాఖవారు తరగతులు నిర్ణయించిరి గదా. బస్టాండు ఎదుటి టీకొట్టువారు ఆయన నడకనుబట్టి ఆ తరగతులనే ఆయనకు అన్వయింతురు. సంచి పట్టుకొని కూరలకు పోవు దినమున ఆయన వట్టి ఉపరితల ఆవర్తనము. ఫోను చూచుచు నడచు దినమున అల్పపీడనము. ఎదురైనవారిని ఆపి ఆ ఫోనును వారికిని చూపు దినమున మాత్రము, “వాయుగుండం బలపడిందిరోయ్, పక్కకి రండి” అని బెంచీమీద నున్నవారు హెచ్చరికలు జారీచేయుదురు.

తుఫాను తీరము దాటినంతనే, అంతవరకు దానిని పోషించిన వెచ్చని సముద్రజలముల ఆవిరి యందక, చెట్లును కొండలును అడ్డుపడుటచే, చూచుచుండగనే బలహీనపడునని శాస్త్రము. ఈయన తన యింటి గడప దాటుటయు అట్టిదే. వీథిలో అతి తీవ్ర తుఫానుగా నుండిన మహానుభావుడు, లోపలినుండి “కరెంటు బిల్లు కట్టారా?” అను ఒక్క ప్రశ్న వినబడినంతనే అల్పపీడనమై వంటింటి దిశగా మందముగా కదలును. రేవు హెచ్చరికలు మొత్తము పదకొండు. ఎనిమిదినుండి పదివరకు మహాప్రమాదమును తెలుపునవి. పదకొండవదానికి మాత్రము హెచ్చరికా కేంద్రముతో వార్తాసంబంధములు తెగిపోయినవని యర్థము. ఒకనాడు ఆకాశము నిర్మలముగా నుండగా ఆయన పలకమీద ‘11’ కనబడుటచే గుండె జల్లుమని లోనికి పోయి విచారించితిని. ఆ యింట భార్యాభర్తలకు మూడు దినములుగా మాటలు లేవట.

పరిహాసమును కొంచెము ప్రక్కన బెట్టి చెప్పవలసిన సంగతి యొకటి కలదు. 1977 నవంబరు 19వ తేదీన ఆయన పదునొకండేండ్ల బాలుడు. ఆ రాత్రి మా యూరిలో రేకులెగిరినవి, ఒక వేపచెట్టు కూలినది, తెల్లవారుసరికి పిల్లలకు అదొక వేడుక. పిదప తండ్రి చెవి కానించుకొని వినుచుండిన ట్రాన్సిస్టరునుండి దివిసీమ వార్తలు రాజొచ్చినవి. ఉప్పెన ఊళ్లమీదుగా పోయినది; ప్రభుత్వమువారి లెక్కయే పదివేలకు చేరినది. మన వీథిలో వేపచెట్టును పడద్రోసిన గాలియు, అక్కడ సముద్రమును ఇండ్లమీదికి ఎత్తిపోసిన గాలియు ఒక్క దేహమునకు చెందిన రెండు చేతులని ఆ బాలునకు తోచినదట. నాటినుండి గాలి వీచిన ప్రతిసారియు, దీని రెండవ చేయి ఎక్కడ నున్నదని ఆయన వెదకుచునే యున్నాడు. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెన, 1990 మేనెలలో మచిలీపట్నము చెంత తీరము దాటిన తుఫాను, 1996లో కోనసీమ కొబ్బరితోటలను నేలబెట్టిన తుఫాను, ఇవన్నియు ఆయనకు చుట్టముల తద్దినములవలె కంఠస్థములు.

ఇక ఆయనను పీడించు అసలు వ్యాధి వినుడు. తుఫాను రావలెనని కోరుకొనుట పాపమని ఆయనకు తెలియును, రాకపోయినచో తోచదు. కావున “బలపడుతోందండీ, తీరానికి దగ్గరవుతోంది” అని చెప్పునప్పుడు ఆయన కంఠము పరామర్శకు వచ్చినవానిది, కన్నులు పెండ్లికి పోవువానివి. 2013 నవంబరులో హెలెన్ మచిలీపట్నము వద్ద తీరము దాటి వారము తిరుగకముందే, దాని వెనుక లెహర్ బయలుదేరినది. పేరు మన దేశము పెట్టినది, వచ్చునది అతి తీవ్రమైనది, గురి మన తీరమే. ఆయనకు ఇంకేమి కావలెను! క్రొవ్వొత్తులు కొనెను, నీళ్లు పట్టించెను, నాచేతను కొనిపించెను, పట్టించెను. తీరా అది నడిసముద్రముననే చల్లారి, నవంబరు 28న వట్టి వాయుగుండమై ఒడ్డు చేరినది. పెండ్లివారు పొలిమేరవరకు వచ్చి వెనుదిరిగినట్లయ్యెను. రెండు దినములు ఆయన ఇల్లు కదలలేదు. మూడవనాడు టీకొట్టువద్ద కుర్రవా డొకడు భుజము తట్టి, “ఊరుకో బాబాయ్, వచ్చే ఏడు ఇంకోటి రాకపోద్దా” అని యోదార్చుట నేను స్వయముగా చూచితిని. “అదేం మాటరా, జనం బతకొద్దూ!” అని ఆయన గద్దించెను గాని, ఆ మాటతో మనసు కొంత కుదుటబడినట్లే కనిపించెను.

పరికరముల విషయమున ఆయన ప్రాచీనుడును, నవీనుడును. ఫోనులో ఉపగ్రహచిత్రములు, మచిలీపట్నము డాప్లరు రాడారు చిత్రములు, మేడమీద వర్షమాపకము. కౌటిల్యుడంతటివాడు ధాన్యాగారమున వాన కొలుచు కుండ నుంచవలెనని అర్థశాస్త్రమున విధించెనని చెప్పి, ఆ గాజు గొట్టమునకు ఆయన పసుపు కుంకుమలు కూడ పెట్టెను. ఒక వేకువజామున దానిలో 118 మిల్లీమీటర్లు కనబడినవి. ఒక్క దినమున 115.6 దాటిన ‘అతి భారీ వర్షము’ అని లెక్క గనుక, ఆయన మంచమునుండి లేవని వారికందరకు ఫోనులు చేసి ఆ వార్త ప్రకటించెను. బయటికి వచ్చి చూచితిమి గదా, వీథిలో దుమ్ము లేచుచున్నది. ప్రక్క యింటివారు రాత్రి మోటారు కట్టుట మరచిరి. వారి ట్యాంకు తెల్లవార్లు ఈయన మేడమీదికి పొర్లినది. నోటుపుస్తకమున ఆయన ఆ యంకెను కొట్టివేయలేదు. ఎదుట “స్థానిక కారణములు” అని మాత్రము వ్రాసికొనెను.

అన్నిటికంటె ఆయనకు ప్రీతిపాత్రమైన పరికరము ఆయన యెడమచేయి. గాలికి వీపు చూపి నిలిచినచో, మన ఉత్తరార్ధగోళమున అల్పపీడనము ఎడమచేతివైపున నుండునని 1857లో బైస్ బ్యాలట్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. భూమి తిరుగుటవలన ఈ ప్రక్కన సుడిగాలులు గడియారపు ముల్లునకు ఎదురుదిశను చుట్టుకొనుటయే దీని రహస్యము. ఈ సూత్రము తెలిసిన దినమునుండి, ఈశాన్యపు గాలి కొంచెము బలముగా వీచెనా, ఆయన నడిబజారున దానికి వీపు త్రిప్పి, ఎడమచేయి చాచి, కన్నులు మూసికొని నిలుచును. ఒక సాయంకాలము అటుల నిలిచియుండగా ఆటో యొకటి వచ్చి చాచిన చేతిముందర ఆగినది.

“ఎక్కండి సార్. పేటకా, గుంటూరుకా?”

“బంగాళాఖాతం,” అనెను ఆయన కన్నులు తెరవకయే, “ఆగ్నేయం.”

“అంత దూరం రాదండి. రిటన్ బేరం దొరకదు,” అని ఆటోవాడు పోయెను.

ఈ జాతివారు నేడు మన దేశమున అరుదు కారు. ఆంధ్రప్రదేశ్ వెదర్‌మ్యాన్, తెలంగాణ వెదర్‌మ్యాన్, తమిళనాడు వెదర్‌మ్యాన్ అని బిరుదులు ధరించి, వేలకొలది జనులకు వానకబుర్లు చెప్పి మేలుచేయువారు కలరు. మా వాయుగుండంగారు వారందరిని గౌరవించును, ఒక్క మెడికల్ షాపు యజమానిని తప్ప. కారణము, ఆ యజమానియు గాలిని గమనించువాడే. కాని వాతావరణ గణనలో అమెరికా నమూనాను నమ్మువాడు. ఈయన ఐరోపా నమూనా పక్షము. ఇంగ్లండులోని రెడింగ్ పట్టణమున ప్రధాన కార్యాలయము గల ఆ ఐరోపా సంస్థవారి గణనలో ఒక్క తుఫానునకు యాబదియొక్క దారులు గీయబడును, తెరమీద ఆ గీతలన్నియు చూచి ఈయన ధర్మపత్ని “ఇదేంటి, సేమ్యా ఒలికినట్టుంది?” అని యడిగినదట. పల్నాట కోళ్లపందెము పిదప ఇంతటి పక్షవైరము పుట్టలేదని నా యభిప్రాయము. ఒకమారు ఒంగోలని ఐరోపాయు, కాకినాడ యని అమెరికాయు చెప్పగా, టీకొట్టు రెండుగా చీలి, వారము దినములు ఎవరి టీ వారు త్రాగిరి. ఆ తుఫాను ఒంగోలునకును పోక, కాకినాడకును పోక, మధ్యసముద్రముననే ఆరిపోయి ఉభయపక్షములకు సంధి చేసినది.

తుఫానుల పేర్లు ఆయనకు అష్టోత్తరముకంటె చక్కగా వచ్చును. హుద్‌హుద్ ఒమన్‌వారిదనియు, ఫైలిన్ థాయ్‌లాండువారిదనియు, లైలా పాకిస్తానువారిదనియు గుక్కతిప్పుకొనక చెప్పును. 2020లో పదమూడు దేశములు కలిసి 169 పేర్లతో చేసిన పట్టికలో మన దేశపు వంతున ‘ప్రభంజన్’ ఉన్నదనియు, వాయుపుత్రులైన హనుమద్భీములను గన్న దేశమున అట్టి పేరుకు వంతు ఇంత ఆలస్యముగా వచ్చుట అన్యాయమనియు ఆయన వాదము. మన వంతు పేర్లలోనే ‘తేజ్’ అనునది 2023 అక్టోబరులో అరేబియా సముద్రమున పుట్టినది. “తేజ్ బలంగా ఉంది, రేపటికి ఇంకా పైకి పోతుంది” అని ఆయన నడివీథిలో ఫోనున చెప్పుచుండగా, ఆ త్రోవను పోవుచుండిన మిర్చి వ్యాపారి చెవిని పడినది. తేజ యనగా మాకు మిరపకాయ. వేరొక యర్థము మా జిల్లాలో చెల్లదు. ఆ వ్యాపారి అక్కడనే నిలిచి కోల్డ్ స్టోరేజీకి ఫోనుచేసి, “మన తేజ ఒక్క టిక్కీ కూడా తియ్యమాక” అని యాజ్ఞాపించెను. ఆ తేజ్ యెమెను దేశమున తీరము దాటినది. ఈ వ్యాపారి మాత్రము సంక్రాంతివరకు వాయుగుండంగారిని చూచి మొగము త్రిప్పుకొనెను.

ఆయనను ఊరు నిజముగా పిలిచి యడిగినది ఒక్కసారియే. అదే యేడాది డిసెంబరు మొదటి దినములలో మిచాంగ్ వచ్చినది. దాని పేరు వ్రాయుట యొకటి, పలుకుట యొకటి. మిగ్‌జాం అని పలుకవలెనని ఆయన అందరను దిద్దుచుండెను గాని, ఈమారు ఎవ్వరును నవ్వలేదు. అది చెన్నపట్టణమును ముంచి, తీరమును ఆనుకొని మెల్లమెల్లగా ఉత్తరమునకు ప్రాకుచుండెను. చేలలో మిరప కాయమీద నున్నది, పత్తి పగిలి తెల్లగా నున్నది. టార్పాలిన్ పట్టాల దుకాణము ముందర ఆయన చుట్టు రైతులు మూగిరి. ఒక కౌలురైతు మెల్లగా అడిగెను: “ఏందయ్యా, కూలోళ్లని పెట్టి పత్తి తీయించేదా, ఆగేదా? రోజుకూలి రెట్టింపు అడుగుతున్నారు.” ఐరోపా, అమెరికా, రాడారు, ఉపగ్రహము, అన్నియు చేతిలో నున్నవాని నోట మాట పెగలలేదు. మిల్లీబార్లను గూర్చి యడిగిన తడుముకొనక చెప్పగలడు. ఒకని చేతి డబ్బును గూర్చి యడిగినవా రింతవరకు లేరు. చాలసేపటికి “తీయించు” అనెను, ఆ మాట తన నోటనుండి వచ్చినట్లు తానే నమ్మలేక.

డిసెంబరు 5వ తేదీ మధ్యాహ్నము అది బాపట్ల చెంత తీవ్ర తుఫానుగా తీరము దాటినది. ఆయన చెప్పిన స్థలమే, ఇంచుమించు ఆయన చెప్పిన సమయమే. మరునాడు ఆయన నన్ను స్కూటరుమీద నెక్కించుకొని చేలవైపు తీసికొనిపోయెను. మిరపమొక్కలు ఒకే దిక్కునకు పడుకొనియున్నవి. తీయని పత్తి తడిసి కాయలకు అంటుకొని మసిగుడ్డవలె వ్రేలాడుచున్నది. గట్టుమీద నిలిచి, మొక్కలు వాలిన దిక్కును చూచి గాలి యెటునుండి వచ్చినదో చెప్పబోయి, ఏమి తోచినదో, సగములో ఆపెను. ఇంటికి వచ్చి పలక తుడిచెను. నెల దినములు దానిమీద అంకె లేదు. టీకొట్టువారే ఓర్వలేక, “బాబాయ్, ఏమైనా ఉందా?” అని అడుగుటకు మొదలిడిరి.

వ్యసనము పోలేదు. 2025 అక్టోబరులో మొంథా వచ్చినప్పుడు పలక గేటున యథాస్థానమున నున్నది. అంకెలు ఒకటి తరువాత ఒకటిగా ఎక్కినవి. దాని తరువాత నొక సాయంకాలము, ఇంకను అనూరాధకార్తె వెళ్లలేదు, నేను మా యింటి ముందర నిలిచియుంటిని. వసారాలో తీయించిన పత్తి మోకాలి యెత్తున కుప్పగా నున్నది; మరునాడు బండి కట్టింతునా, ధర కొరకు ఇంకను నాలుగు దినములు ఆగుదునా అని ఎటును తేలకున్నది. ఈశాన్యమునుండి గాలి కొంచెము చలిగా, కొంచెము తడిగా వీచినది. ఊరకనే అటు వీపు త్రిప్పితిని. చేయి ఎప్పుడు లేచినదో నాకు తెలియదు. ఎదుట ఆటో ఆగిన చప్పుడైనది.

“మీరు గూడానా, మాస్టారూ!” అనెను ఆటోవాడు.