ముట్టని బ్రేకు: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలం

ఆ.వె.
కాలు తీసినంత కారు వేగము దగ్గు
బ్రేకు ముట్టకున్న బ్రేకు పడును
వెనుక దీపమపుడు వెలుగునో వెలుగదో
వెనుక వానికెఱుక వెనుక గలుగు

అవతారిక

విద్యుత్తుతో నడిచే కారులో యాక్సిలరేటరే సగం బ్రేకు కూడా కావడం వల్ల, కారు వెనుక ఉండే ఎర్రదీపం ఎవరి మాట వినాలి, పాదం మాటా వేగం మాటా అనే సంశయం పుట్టింది. ఆ సంశయాన్ని నాలుగు పాదాల్లో ఇమిడ్చిన పద్యమిది. పద్యానికి పాదాలు నాలుగైనా విషయానికి పాదం ఒక్కటే, అదీ కుడిపాదం.

ప్రతిపదార్థం

కాలు = డ్రైవరు కుడిపాదమును; తీసినంత = యాక్సిలరేటరు మీదినుండి ఎత్తగనే (అర్థాంతరము మున్ముందు వివరింపబడును); కారు వేగము = బండి వడి; దగ్గు = తగ్గును; బ్రేకు = బ్రేకు పెడలును; ముట్టకున్న = తాకకపోయినను; బ్రేకు = నిరోధము; పడును = కలుగును; అపుడు = ఆ సమయమున; వెనుక దీపము = బ్రేకు లైటు; వెలుగునో వెలుగదో = వెలిగిన వెలుగును, లేకున్న లేదు; వెనుక వానికి = వెంట వచ్చు బండివానికి; ఎఱుక = ముందు బండి నెమ్మదించుచున్నదను జ్ఞానము; వెనుక = ఆలస్యముగా; కలుగు = కలుగును.

తాత్పర్యం

యాక్సిలరేటరు మీద కాలు సడలిన క్షణాన విద్యుత్ కారులోని మోటారు పాత్ర మార్చుకుని జనరేటరు అవుతుంది. అంతదాకా బ్యాటరీ ఇచ్చిన కరెంటుతో చక్రాలను తిప్పినది, ఇప్పుడు చక్రాల చేత తాను తిప్పించుకుంటూ కరెంటు పుట్టించి బ్యాటరీకి తిరిగి పంపుతుంది. ఆ తిప్పించుకోవడంలోని బరువే చక్రాలకు అడ్డుపడి బండి నెమ్మదిస్తుంది. దీనికి రీజెనరేటివ్ బ్రేకింగ్ అని పేరు, వాడుకలో రీజెన్. 1,500 కిలోల కారు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దానిలోని గతిశక్తి 3 లక్షల జౌళ్లు, కరెంటు బిల్లు లెక్కలో యూనిట్‌లో పన్నెండో వంతు. మామూలు బ్రేకు దానినంతా రాపిడిలో వేడిగా మార్చి గాలికి వదిలేస్తే, రీజెన్ అందులో కొంతైనా రాబట్టుకుంటుంది. బ్రేకు పెడలు కదలకుండానే బండి ఆగబోతుంటే ఆ సంగతి వెనుకవారికి చెప్పేదెవరు అన్నది కవి బాధ.

విశేషాలు

‘దగ్గు’ అనే పదాన్ని చూసి కారుకు కాసరోగం పట్టిందని భ్రమపడరాదు. ‘కారు వేగము’ ప్రథమాంతం కనుక దాని మీది ‘తగ్గు’లోని తకారానికి గసడదవాదేశం వల్ల దకారం వచ్చింది. పెట్రోలు కారుకైతే రెండర్థాలూ కుదిరేవి.

‘బ్రేకు ముట్టకున్న బ్రేకు పడును’ అన్నచోట అలంకారమేది అని విచారించాలి. అర్థభేదంతో పదం మళ్లీ వస్తే యమకం, అర్థం ఒకటే అయి తాత్పర్యం మాత్రం మారితే లాటానుప్రాసం. పాత కార్లలో బ్రేకు పెడలు కాడకు ఆనుకుని ఒక చిన్న స్విచ్ ఉండి, కాడ కాస్త కిందికి కదలగానే దాని పుల్ల బయటికి వచ్చి దీపానికి కరెంటు అందేది. పాదం నొక్కడం, బండి నెమ్మదించడం, దీపం వెలగడం మూడూ ఒకే క్రియ కనుక ఆనాడు ‘బ్రేకు’కు అర్థం ఒక్కటే. నేడు పెడలు వేరు, నిరోధం వేరు కావడంతో ఇది నికార్సయిన యమకం అయింది. దీపాన్ని ఇంకా పెడలుకే కట్టి ఉంచడమంటే యమకాన్ని లాటానుప్రాసంగా చదవడమే.

ఇక్కడ పూర్వపక్షం ఒకటి ఉంది. తిరుమల ఘాటు దిగే డ్రైవర్లు చిన్న గేరు వేసి ఇంజను నిరోధంతోనే బండిని పట్టి దింపుతారు గదా, అప్పుడు వెలగని దీపం ఇప్పుడెందుకు వెలగాలి అని. ఘాటులో ఆ నిరోధం పల్లానికి విరుగుడుగా పోతుంది గాని, చదునైన రోడ్డు మీద పై గేరులో దాని బలం బహు స్వల్పం. 2017లో నిస్సాన్ లీఫ్‌తో వచ్చిన ఇ-పెడల్ అయితే పెడలు వదిలినంత మాత్రాన గురుత్వ త్వరణంలో అయిదోవంతు దాకా వేగాన్ని హరించి బండిని పూర్తిగా ఆపగలదు. రెంటినీ ఒకే గాటన కట్టడం తగదు.

పద్యానికి ప్రాణం ‘తీసినంత’లో ఉంది. తీసిన క్షణమే అని ఒక అర్థం, తీసిన మేరకు అని మరొక అర్థం. ఒంటి పెడలుతో బండి నడిపేవాడు కాలు పూర్తిగా ఎత్తడు. బొటనవేలి బరువును పావువంతు, సగం, ముప్పాతిక సడలిస్తూ పోతాడు, సడలించిన మేరకు వేగం పోతూ ఉంటుంది. 2023లో అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక కొన్ని కొరియా విద్యుత్ కార్లను పరీక్షించినప్పుడు, ఒంటి పెడలు పద్ధతిలో బండి గట్టిగా నెమ్మదిస్తున్నా, యాక్సిలరేటరు మీద కాలు కాస్త ఆని ఉన్నంతసేపూ బ్రేకు లైటు వెలగడం లేదని తేలింది. ఆ సాఫ్ట్‌వేరు రాసినవారు ‘తీసినంత’కు మొదటి అర్థమే గ్రహించారన్నమాట.

‘వెలుగునో వెలుగదో’ అనడం కవి నిస్సహాయత కాదు, శాస్త్రసమ్మతం. వ్యాకరణంలో ‘బహుళము’ అన్నచోట నిత్యం, నిషేధం, వైకల్పికం, అన్యకార్యం అని నాలుగు గతులుంటాయి. కార్ల బ్రేకులకు సంబంధించిన ఐక్యరాజ్యసమితి 13-హెచ్ నియమం రీజెన్ దీపాన్ని ఇలాగే విభజించింది. యాక్సిలరేటరు వదిలినందువల్ల కలిగే వేగక్షయం సెకనుకు సెకనుకు 0.7 మీటర్లు, అంటే సెకనుకు గంటకు 2.5 కిలోమీటర్ల చొప్పున, మించకపోతే వెలిగించడం నిషేధం, 0.7 దాటి 1.3 వరకు వైకల్పికం, 1.3, అంటే దాదాపు 4.7 కిలోమీటర్లు, దాటితే నిత్యం. హద్దు దగ్గర దీపం మిణుకుమిణుకుమనకుండా జాగ్రత్త పడాలని కూడా అందులోనే ఉంది. అమెరికా నియమం మాత్రం బ్రేకు తొక్కితే వెలగాలంటుంది, బండిని నెమ్మదింపజేసే ఇతర సాధనాలతో వెలగవచ్చునంటుంది. నిత్యానికీ వైకల్పికానికీ నడుమ గీత అక్కడ పెడలు వద్దనే ఆగిపోయింది. ఇక నాలుగోదైన అన్యకార్యానికి పైని 2023 నాటి కార్లే ఉదాహరణ.

రాత్రంతా చార్జింగు పెట్టిన బ్యాటరీ తెల్లవారాక నిండుకుండలా ఉండి కరెంటు పుచ్చుకోదు కనుక రీజెన్ బలహీనపడుతుంది. చలికి బిగుసుకున్న బ్యాటరీదీ అదే తీరు. అదే పాదం, అదే సడలింపు, ఉదయం ఒక ఫలం, సాయంత్రం ఒక ఫలం. అందుచేత దీపానికి వేగక్షయమే ప్రమాణం గాని పాదం ప్రమాణం కానేరదు. రైళ్లలోనూ రీజెన్ ఉంది గాని వాటికి ఈ చర్చ లేదు, వెనుక రైలువాడు సిగ్నల్ చూస్తాడు గాని ముందు రైలు పృష్ఠభాగం చూడడు.

‘వెనుక’ మూడుసార్లు వచ్చి, తొలి రెండుచోట్ల దేశవాచకం, మూడోచోట కాలవాచకం అయింది. కవి ఎంత ఆలస్యాన్ని ఉద్దేశించాడో గణితంతో చూడవచ్చు. రెండు కార్లూ గంటకు 72 కిలోమీటర్ల వేగంతో, నడుమ 20 మీటర్ల ఎడంతో పోతుండగా, ముందుది దీపం లేకుండా సెకనుకు సెకనుకు 2 మీటర్ల చొప్పున నెమ్మదిస్తే, ఆ ఎడంలో మొదటి సెకనులో 1 మీటరే పోతుంది, అది కంటికి ఆనదు. రెండు సెకన్లకు 4, మూడింటికి 9, నాలుగింటికి 16 మీటర్లు పోతాయి. వెనుకవానికి ఎఱుక కలిగేవేళకు మిగిలినది 4 మీటర్లు, ఒక కారు పొడవు.

నాలుగో పాదానికి ‘వెనుక వానికెఱుక వెలుగ గలుగు’ అని పాఠాంతరం ఉంది. దీపం వెలుగగా ఎఱుక కలుగునని అర్థం, యతికీ గణానికీ భంగం లేదు. కంపెనీలు సాఫ్ట్‌వేరు సవరించిన తరువాతి పాఠమిది. సవరణ అందని కారు ఒక్కటి రోడ్డు మీద తిరుగుతున్నా ప్రాచీనపాఠానికే బలం ఎక్కువ గనుక ఈ ప్రతిలో ‘వెనుక’నే ఉంచడమైనది.