తువ్వాలకు పే స్కేలా?

మా తాత భుజాన ఒక తువ్వాల ఉండేది. ఎండలో తలపాగా, బావి కాడ ఒళ్లు తుడుచుకునే గుడ్డ, సంతలో మూట, మధ్యాహ్నం వేపచెట్టు కింద దిండు. అది ఏనాడూ తన హోదా ఏమిటని అడగలేదు. ఇలాంటి తాత సచివాలయంలో ఎవరికో కూడా ఉండి ఉండాలి. 2019లో తెలంగాణ గ్రామ పంచాయతీలకు జీవో 51 వచ్చింది. మనిషిని తువ్వాల చేసే ఆ విద్యకు పెట్టిన పేరు మల్టీపర్పస్ వర్కర్.

అంతకుముందు సఫాయి వేరు, పంపు ఆపరేటర్ వేరు, ఎలక్ట్రీషియన్ వేరు, ఇంటి పన్నుల పుస్తకం చూసే కారోబార్ వేరు. ఏ పనికి ఎంత నేర్పు కావాలి, ఎంత ప్రమాదం ఉంది, దానికెంత జీతమివ్వాలి అని మిగతా చోట్ల కమిషన్లు ఏళ్లకేళ్లు తలలు పట్టుకుంటాయి. ఇక్కడ ఒక్క మాటతో తెగిపోయింది. అందరూ ఒకటే, జీతం 8,500. తర్వాత దయతలచి వెయ్యి కలిపారు.

అలాగని సర్కారుకు వర్గీకరణ మీద నమ్మకం లేదనుకునేరు. ఏ ఆఫీసుకైనా వెళ్లి చూడండి. జూనియర్ అసిస్టెంట్ రాసింది సీనియర్ అసిస్టెంట్ చూడాలి, ఆయన చూసింది సూపరింటెండెంట్ మళ్లీ చూడాలి. ఫైలు పక్క టేబులు మీదికి పోవాలంటే అటెండర్ రావాలి. చెయ్యి చాస్తే అందుతుంది, కాకపోతే ఆ చేతి కేడర్ వేరు. 2020 పీఆర్సీ స్కేళ్లు 19,000 దగ్గర మొదలై 1,62,070 దాకా మెట్లు మెట్లుగా పోతాయి. ఆ మొదటి మెట్టుకు సగం లోతులో ఉన్నవాడికి మెట్లతో పనేముంది? కరెంటు స్తంభం ఎక్కితే చాలు. నిన్నటిదాకా చీపురు పట్టినవాడే అయినా పర్లేదు, జీవో ఒప్పుకుంటుంది. తీగలోని కరెంటుకు మాత్రం ఇంకా జీవో కాపీ అందలేదు.

లెక్క లేకుండా చేశారనడానికీ లేదు. ఐదువందల జనాభాకు ఒక కార్మికుడు. అంతకంటే ఎక్కువ మంది పనిచేస్తున్న ఊళ్లలో ఉన్న జీతాన్నే తలా ఇంత పంచుకున్నారు. పెళ్లి భోజనంలో ఆఖరి బంతి లాగా.

2023లో వీళ్లు నెలకు పైగా సమ్మె చేశారు. అడిగింది 19,000. అంటే మేడ కాదు, ఆ మొదటి మెట్టు. వీళ్లకు పని చెప్పే జూనియర్ పంచాయతీ కార్యదర్శులు కూడా అదే ఏడాది రెగ్యులరైజేషన్ కోసం సమ్మెలోనే కూర్చుని లేచారు, కాబట్టి ఎవరు ఎవరి మీద జాలిపడాలో ఊరికి అర్థం కాలేదు.

మొన్న ఊరికి పోతే పంచాయతీ ముందు ట్రాక్టర్ కడుగుతూ ఒకాయన కనిపించాడు.

‘‘ఏం అన్నా, నీ ఉద్యోగం ఏందిప్పుడు?’’ అన్నాను.

‘‘పొద్దుగాల ఊడ్చుడు, తర్వాత ట్రాక్టర్, మోటరు, లైట్లు, నర్సరీల మొక్కలు, ఎవరన్న పోతే వైకుంఠధామం. ఆరు పనులు సారూ.’’

‘‘మరి జీతం?’’

‘‘తొమ్మిదివేల ఐదువందలు. పనికి పదిహేనువందల ఎనభై మూడు పడ్తది. లెక్క చేసిన.’’ చేతులు తువ్వాలకు తుడుచుకున్నాడు. ‘‘రెండు రూపాయలు మిగులుతున్నయ్. అవి ఏ పని కింద రాయాల్నో మీకేమన్న ఎరుకనా?’’