ఏ వూరు బాబూ మనది?

నా బీరువాలో రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటుంది. తెరిస్తే ఎడమ పేజీలన్నీ కొండాపూర్, కుడి పేజీలన్నీ కోకాపేట. 2021 ఆగస్టు నుంచి 2022 ఫిబ్రవరి దాకా ఏడు నెలలు, ప్రతి శని ఆదివారాలూ తిరిగి, అడిగి, కొలిచి రాసుకున్నాను. ఏ పరీక్షకీ అంత శ్రద్ధగా చదవలేదు. అందులో రాసుకున్న లెక్కలన్నీ సరైనవే. అయినా ఆ పుస్తకం నన్ను కాపాడలేదు. కాపాడగలిగిన మాట ఒకటి నా చెవిన పడింది. నేను దాన్ని లోపలికి రానివ్వలేదు. ఎందుకు రానివ్వలేదో ఇన్నాళ్లకు రాయగలుగుతున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి. వంశధార ఎడమ కాలువ కింద మాకు రెండెకరాల పల్లం ఉండేది. ఆ నేల మీద పండిన వరితోనే నాన్న నన్ను విశాఖలో ఇంజనీరింగ్ చదివించాడు. 2006లో ఆమదాలవలసలో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వచ్చాను. వాజ్‌పేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించి అప్పటికి ఎనిమిదేళ్లు కావస్తోంది. కొన్నాళ్లు స్నేహితుల గదుల్లో ఉండి, పెళ్లయ్యాక కొండాపూర్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నాను. పాప అక్కడే పుట్టింది, అక్కడే బడికి వెళ్తోంది. అద్దె కడుతున్నామన్న బాధ ఎప్పుడూ ఉన్నదే గాని అది నన్ను తొందరపెట్టలేదు. తొందరపెట్టింది ఒక వేలం.

2021 జులైలో నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ కోకాపేటలోని నియోపోలిస్ ప్లాట్లను వేలం వేసింది. అందులో ఒక ప్లాటు ఎకరం 60 కోట్ల 20 లక్షలకు పోయింది. మర్నాడు ఆఫీసులో అందరికీ అదే కబురు. పదేళ్ల క్రితం అక్కడ కొనాల్సిందని కొందరు, ఇప్పుడు కొనకపోతే ఇక ఎప్పటికీ కొనలేమని కొందరు. ఆ సాయంత్రం ఇంటికి వస్తూ నోటుబుక్కు కొన్నాను.

ఎడమ పేజీలో కొండాపూర్ గురించి రాసినవి ఇవి. మెట్రో మా గుమ్మం దాకా రాదు. అయితే 2019 మార్చిలో హైటెక్ సిటీ స్టేషను, అదే ఏడాది నవంబరులో రాయదుర్గం స్టేషను తెరవడంతో, ఆటో ఎక్కితే రైలు అందుతుంది. బొటానికల్ గార్డెన్ దగ్గర్లోనే ఉంది, తెల్లవారుజామున నడవొచ్చు. మందుల షాపు, కూరల బండి, పాలవాడు, చెప్పులు కుట్టే మనిషి, పిల్లల డాక్టరు, అన్నీ నడిచి వెళ్లే దూరంలో ఉన్నాయి. కష్టాల లెక్కా ఉంది. కొత్తగూడ కూడలిలో సాయంత్రం ఆరింటికి బండి కదలదు. పాత అపార్ట్‌మెంట్లలో పార్కింగ్ ఇరుకు. ఎండాకాలం బోరు ఎండిందంటే ట్యాంకరు కోసం రాత్రి పన్నెండు దాకా ఫోన్లు చేయాలి.

కుడి పేజీలో కోకాపేట. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు పక్కనే. ఎక్కితే నలభై నిమిషాల్లో విమానాశ్రయం. ఫైనాన్షియల్ డిస్ట్రిక్టుకి పది నిమిషాలు. విశాలమైన కొత్త రోడ్లు. 2006 నుంచి హైదరాబాద్ భవనాలకు, స్థలాన్ని బట్టి ఇంతే కట్టాలనే ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి లేదు. అందుకే అక్కడ యాభై అంతస్తులు దాటిన టవర్లు లేస్తున్నాయి. అంత పైనుంచి చూస్తే గండిపేట నీళ్లు కనిపిస్తాయి. 1908లో మూసీ ఊరిని ముంచేశాక, మళ్లీ అలా జరగకూడదని 1920 నాటికి కట్టి ముగించిన జలాశయం అది. దాన్నీ హిమాయత్‌సాగర్‌నీ కాపాడటానికే 1996లో 111 జీవో తెచ్చి, చుట్టూ 84 ఊళ్లలో కట్టడాలకు హద్దులు పెట్టారు. ఆ జీవో ఎత్తేస్తారన్న మాట అప్పటికే జనం నోట నానుతోంది. ఎత్తేస్తే ధరలు ఎటు పోతాయోనన్న ఆశా భయమూ రెండూ నాకున్నాయి. ఇక అక్కడి కష్టాలు: దుమ్ము, కట్టుబడి చప్పుడు, పాలపొట్లానికి కూడా బండి తీయాల్సిన దూరం, నెలనెలా కట్టే మెయింటెనెన్స్. జలాశయం అంత దగ్గరున్నా ట్యాంకర్లు వరసకట్టి పోవడం నా కళ్లతో చూశాను. అదీ రాశాను.

ఒక్కో అంశానికి పదికి ఇన్ని మార్కులని వేసి కూడితే కోకాపేటకు నాలుగు మార్కులు ఎక్కువ వచ్చాయి. సరిగ్గా అప్పుడే ఒక సంస్థవాళ్లు ఫోన్ చేశారు. కోకాపేటలోనే టవర్ వస్తోందట, ఇంకా ప్రీ లాంచ్‌లో ఉందట. మొత్తం డబ్బు ముందే కడితే చదరపు అడుగు 4,500కే ఇస్తారట. చుట్టుపక్కల రేటులో అది సగం. 1,150 చదరపు అడుగుల ఫ్లాటుకు 51 లక్షల 75 వేలు.

2022 ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆ జాగా చూడటానికి ఒక్కణ్నీ వెళ్లాను. రేకుల కంచె, లోపల తుప్పలు, ముందు పెద్ద బోర్డు. రోడ్డుకి అవతల టీ కొట్టు. పక్క టవర్‌లో సెంట్రింగ్ పనిచేసే కూలీలు నలుగురైదుగురు టీ తాగుతున్నారు. నేనూ అక్కడ నిలబడి టీ చెప్పాను. ఇంతలో అమ్మ ఫోన్ చేసింది. అమ్మతో మాట్లాడేటప్పుడు నాకు ఇంకో భాష రాదు. "ఏటమ్మా, కూడు తిన్నావా? నాన్న పొలానికెల్లిపోనాడేటి?" అన్నాను. ఫోన్ పెట్టేశాక, కూలీల్లో పెద్దాయన ఒకడు నా వైపు తిరిగాడు. యాభై ఏళ్లుంటాయి. చేతుల నిండా సిమెంటు. ముఖం విప్పారింది.

"ఏ వూరు బాబూ మనది?"

నేను ఒక్క క్షణం ఆగాను. "వైజాగ్" అన్నాను.

నా ఫోన్ మాటలు విన్న మనిషికి అది అబద్ధమని తెలుసు. నాకూ తెలుసు. అతని ముఖం కొంచెం ముడుచుకుంది. "అలాగా బాబూ" అన్నాడు. అప్పటికైనా ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.

"ఓ మాట సెప్తాను, ఏటనుకోకండి. ఈ జాగాకి నాను సూస్తుండగానే రొండుపాల్లు బోర్డు మారిపోనాది. తవ్వడానికి ఒక్క బండి రానేదు. కాయితాలు బాగా సూసుకోండి బాబూ."

"సరేనండి, చూసుకుంటాం" అని టీ డబ్బులిచ్చి కారెక్కాను. నోటుబుక్కులో ఆ మాట రాయలేదు. టీ కొట్టు దగ్గర కూలీ చెప్పింది రాసుకోవడానికి అందులో గడి లేదు.

వైజాగ్ అని ఎందుకన్నానో చెప్పాలి. 2006లో ఆఫీసులో చేరిన మొదటి వారం, మీటింగులో నా నోట "ఏటి" అని జారింది. గదిలో నవ్వులు. సినిమాల్లో మా యాసకు ఇచ్చిన చోటు ఏమిటో మీకు తెలుసు. ఆ రోజు నుంచి నా మాటను నేనే కాపలా కాశాను. ఎవరడిగినా ఊరు వైజాగ్ అన్నాను. వైజాగ్ అంటే సముద్రం గుర్తొస్తుంది. శ్రీకాకుళం అంటే వలస గుర్తొస్తుంది. పదహారేళ్లు అలా గడిచాక, ఒక సెంట్రింగ్ కూలీకి నాకూ ఒకే నేల అని ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

ఆ కూలీలు ఎలాంటి బతుకు బతుకుతారో నాకు తెలియదా అంటే, తెలుసు. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న పదకొండంతస్తుల భవనం వానలో కూలి 61 మంది చచ్చిపోయారు. అందులో మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్లు ఎందరో. ఆ వారమంతా టీవీ ముందు నుంచి లేవలేకపోయాను. అంత ఏడ్చినవాణ్ని, బతికున్న మనిషి ఎదురుగా నిలబడి ఊరడిగితే, అబద్ధం చెప్పాను.

మార్చిలో నాన్నతో ఎనభై సెంట్లు అమ్మించాను. కాలువకు ఆనుకున్న ముక్క, నీరు ముందుగా ఎక్కే ముక్క. 32 లక్షలొచ్చింది. నా దగ్గరున్నదంతా కలిపి సంస్థకు కట్టాను. ఏప్రిల్‌లో 69వ జీవో వచ్చి, 111 జీవో ఆంక్షలు తీసేస్తున్నామంది. 2023 ఆగస్టులో నియోపోలిస్ రెండో విడత వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. ఆ రోజు నాన్నకు ఫోన్ చేసి, మనం సరైన సమయానికి కొన్నామని చెప్పాను. నాన్న "మంచిది" అన్నాడు.

2024లో బోర్డు మూడోసారి మారింది. ఈసారి దాని మీద నేను డబ్బు కట్టిన సంస్థ పేరు లేదు. ఆ నేల మీద వాళ్లకు ఉన్నది యజమానితో రాసుకున్న ఒప్పందం మాత్రమేనని, ఆ ఒప్పందమూ రద్దయిందని అప్పుడు తెలిసింది. స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాలో ఫిర్యాదు పెట్టాను. ఇంకా నడుస్తోంది.

ఆ తరువాత చట్టం తెరిచి చదివాను. ఒక్క సాయంత్రం పట్టింది. 2016 నాటి రెరా చట్టం మూడో సెక్షన్ ప్రకారం, రిజిస్టర్ కాని ప్రాజెక్టులో ఫ్లాటు అమ్మకూడదు సరికదా, ప్రకటన ఇవ్వడమూ బుకింగ్ తీసుకోవడమూ కుదరదు. పదమూడో సెక్షన్ ప్రకారం, అమ్మకపు ఒప్పందం రిజిస్టర్ కాకుండా ధరలో పది శాతానికి మించి ముట్టుకోకూడదు. కొన్నవాళ్ల దగ్గర తీసుకున్న డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు కట్టుబడికీ నేల ఖర్చుకీ మాత్రమే వాడేలా విడి ఖాతాలో ఉంచాలి. సగం ధర ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఈ మూడు వాక్యాల్లోనే ఉంది. ఏడు నెలలు రెండు పేటల గాలినీ నీళ్లనీ తూచినవాణ్ని, నేను కొంటున్న కాగితాన్ని ఒక్క సాయంత్రం తూచలేదు. "కాయితాలు బాగా సూసుకోండి" అని ఆ పెద్దాయన చెప్పింది కూడా ఇదే.

ఇప్పుడెవరైనా ఆ రెండిట్లో ఏది మంచిదని అడిగితే చెప్పగలను. చిన్నపిల్లలు, ముసలివాళ్లు ఉన్న ఇంటికి కొండాపూర్ నయం. నడిచి వెళ్లగలిగినవి ఎక్కువ, పేరుపెట్టి పలకరించే మనుషులు ఎక్కువ. ఇద్దరూ ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులో పనిచేస్తూ, కారు ఉండి, ఇంకో పదేళ్లు దుమ్ము ఓర్చుకోగలిగితే కోకాపేట మంచిదే. రెండు చోట్లా ముందు నీళ్ల సంగతి అడగండి. వేసవిలో నెలకెన్ని ట్యాంకర్లు తెప్పించారో లెక్క చూపమనండి. రెరా నంబరు లేనిదే రూపాయి ఇవ్వకండి. అన్నిటికన్నా ముందు, అక్కడ పనిచేసేవాళ్లతో కాసేపు కూర్చోండి. ఆ నేల ఎవరిదో, ఎన్ని చేతులు మారిందో, ఎన్ని అడుగుల్లో నీరు తగిలిందో వాళ్లకు తెలిసినంతగా అమ్మేవాళ్లు చెప్పరు.

ఆ పెద్దాయన కోసం రెండుసార్లు వెళ్లాను. అతను పనిచేసిన టవర్ పూర్తయింది. కూలీల షెడ్లున్న చోట పచ్చిక పరిచారు. టీ కొట్టు కూడా లేదు.

మొన్న కొత్తమ్మతల్లి జాతరకి ఊరొచ్చాను. పోలాల అమావాస్య వెళ్లాక వచ్చే ఆ జాతరకి వలస వెళ్లినవాళ్లంతా తిరిగొస్తారు. హైదరాబాద్, చెన్నై నుంచి వచ్చినవాళ్ల సంచులతో వీధి అరుగులు నిండిపోతాయి. రెండో రోజు సాయంత్రం నాన్నను కాలువ గట్టు మీదికి తీసుకెళ్లి అంతా చెప్పాను. డబ్బు సంగతి, సంస్థ సంగతి, చివరికి ఆ టీ కొట్టు సంగతి, వైజాగ్ అన్న సంగతి. అమ్మేసిన మా ముక్కలో పరాయి వరి ఏపుగా ఉంది. నాన్న దాని వైపే చూస్తూ విన్నాడు. నేను ముగించాక చాలాసేపు మాట్లాడలేదు.

"ఆ మనిషిదే వూరన్నాడు?"

"అడగలేదు నాన్నా."

"పేరు?"

"అడగలేదు."

నాన్న నా వైపు తిరిగాడు. "నీకు మంచి సెప్పినోడిని ఏ వూరని అడగనేదేటిరా?"

పొలం గురించి నాన్న అడుగుతాడని మూడేళ్లు భయపడ్డాను. ఇవాళ్టికీ అడగలేదు. అడిగింది ఇదొక్కటే.

చీకటి పడ్డాక గుడి వైపు నడిచాం. డప్పులు దగ్గరవుతున్నాయి. పక్కనుంచి జనం తోసుకుంటూ పోతున్నారు, కొత్త చొక్కాల్లో, సిమెంటు వాడి మొద్దుబారిన చేతులతో పిల్లల్ని భుజాలకెత్తుకుని. అందులో అతను ఉండొచ్చు. ప్రతి ముఖమూ చూశాను. పిలవడానికి నా దగ్గర పేరు లేదు.