వీపు మీద 16 లీటర్లు

నన్ను మా ఊళ్లో మందు డబ్బా అంటారు. 16 లీటర్లు పడతాను. ఎడమ చేత్తో మీట కొడుతుంటే కుడి చేతిలోని గొట్టం చివర నాజిల్ తుంపర చిమ్ముతుంది. నరసన్నపేట బజార్లో ఒక పురుగుమందుల కొట్టు గుమ్మానికి వేలాడుతుంటే బేరమాడి కొన్నారు. అప్పట్నుంచి వంశధార కాలవ కింద వరి మళ్లే నా లోకం. ఆకుముడతకి ఒక మందు, సుడిదోమకి ఒకటి, కాండం తొలిచే పురుగుకి ఇంకొకటి. అన్నీ నా కడుపులోంచే పోవాలి.

నాది ప్లాస్టిక్ కడుపు, ఏం పోసినా అరాయించుకుంటాను. మోసే మనిషి సంగతి అలా కాదు. నా మూత దగ్గర వాషరు ఎప్పుడో అరిగిపోయింది. అడుగు వేసినప్పుడల్లా కాస్త ఒలికి, ఆయన చొక్కా వెన్ను పొడుగునా తడిసి ఒంటికి అంటుకుంటుంది. చెమట అనుకుంటాడు పాపం. క్లోరిపైరిఫాస్ లాంటివి తాగక్కర్లేదు, చర్మంలోంచి కూడా లోపలికి పోతాయి. సీసా మీద పసుపు త్రికోణం ఊరికే వెయ్యలేదు. నాజిల్ పూడుకుపోతే దాన్ని నోట పెట్టి ఊదుతాడు చూడండి, అప్పుడు నాకే ఒళ్లు జలదరిస్తుంది.

భయం లేని మనిషేం కాదు. కవిటి, సోంపేట వైపు ఉద్దానంలో ఆయనకి చుట్టాలున్నారు. డయాలసిస్‌కి తిరిగేవాళ్లని చూసొచ్చాడు. నీళ్లా, ఎండలో ఒళ్లు ఎండిపోవడమా, పురుగుమందులా, అక్కడి కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మాత్రం తెరిచారు.

ఆ బెంగతోనే ఆయన భార్య పొలానికి వెళ్లేముందు జేబులో ఉసిరికాయలు పోస్తుంది. "నమిలితే ఇసం ఇరిగిపోద్ది" అంటుంది. డిగ్రీ చదివే కూతురు తల్లిని కొట్టిపారెయ్యలేదు. మందుని కాలేయం విరగ్గొట్టే క్రమంలో ఫ్రీ రాడికల్స్ పుట్టి కణాల పొరల్లోని కొవ్వుని పాడుచేస్తాయట. వాటిని అణిచే గ్లుటాథయోన్ కణంలోనే ఉంటుందిగానీ, మందు ఎక్కువైతే అది అయిపోతుందట. మందు పట్టించిన ఎలకలకి ఉసిరిలోనూ ఉండే విటమిన్ సి, విటమిన్ ఇ, పసుపులోని కర్కుమిన్ ఇచ్చి చూస్తే కాలేయానికీ కిడ్నీలకీ దెబ్బ తగ్గిందట. తల్లి మొహం వెలిగింది.

"కానీ అమ్మా, ఎలకకి తూచి పట్టిస్తారు. నాన్న వీపు మీద కారేదాన్ని ఎవరు తూస్తున్నారు?" అంది పిల్ల. నరాల దెబ్బ సంగతి అసలే వేరు. క్లోరిపైరిఫాస్ జాతి మందులు ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైముని బిగించేస్తాయి. నోట్లో నురగ, సూదిమొనలంత కంటిపాపలు, అందని ఊపిరి. అక్కడ ఉసిరికాయ ఏం చేస్తుంది? ఆసుపత్రిలో అట్రోపిన్ పడాలి.

మొన్న ఆ పిల్ల పొలానికొచ్చింది. అప్పుడే నన్ను గట్టు మీద దించి, జేబులోంచి ఉసిరికాయ తీసి కొరుకుతున్నాడు ఆయన. కాయా తడే, వేళ్లూ తడే, రెండూ నా కంపే.

"ఏటి నాన్నా ఇది, మందు చేత్తోనే తింటన్నావు!"

కాయ లాక్కుని విసిరేసింది. కాలవ గట్టున సబ్బుతో చేతులు కడిగించింది. తర్వాత నా మూత విప్పి, అరిగిన వాషరు చూసి, తండ్రిని అటునుంచటే నరసన్నపేట పంపించింది.

వాషరు తెచ్చాడు. చేతులకి రబ్బరు తొడుగులు అడిగితే కొట్లో లేవన్నారట. బ్యాటరీ డబ్బా కొత్తది వచ్చింది, పట్టుకుపొమ్మన్నారట.