ధర కావాలంటే డీఎం చేయండి

బరంపురంలో పచ్చళ్ల కొట్టుకీ, పట్టుచీరల కొట్టుకీ, ఆఖరికి సైకిలు రిపేరు కొట్టుకీ ఇప్పుడు ఎక్స్‌లో ఖాతా ఉంది. 2023 జులైలో ట్విట్టర్ పిట్ట ఎగిరిపోయి ఎక్స్ వచ్చింది. అంతకుముందే నీలం టిక్కు నెలవారీ అద్దెకి దొరకడం మొదలైంది. గుమ్మానికి నిమ్మకాయలు కట్టినట్టు మనవాళ్లు పేరు పక్కన టిక్కు కట్టుకున్నారు.

టిక్కు వచ్చింది కాబట్టి రోజూ ఏదో ఒకటి పెట్టాలి. ఆ విషయంలో మన ఊరికి లోటు లేదు, క్యాలెండర్లు రెండు. తెలుగు కొనుగోలుదారులకి ఉగాది, ఒడియా వారికి పణా సంక్రాంతి, రజ, కుమార పూర్ణిమ. ఠాకురాణి యాత్ర రెండేళ్లకోసారి కాబట్టి అక్కడ కాస్త ఊపిరి పీల్చుకుంటారు. ప్రతి శుభాకాంక్షలోనూ దేవుడు మూలన ఉంటాడు, యజమాని మధ్యలో ఉంటాడు.

వీటి నడుమ ఎప్పుడైనా ఒక ఆవకాయ ఫొటో పడుతుంది. కింద ఎవరో పాపం, ‘అరకిలో ఎంతండీ?’ అని అడుగుతారు. ‘ప్లీజ్ డీఎం’ అని జవాబు.

ఇది చూసి ఒక పెద్దాయన తెల్లబోయారు. గంజాం జిల్లా మేజిస్ట్రేటు, అదే డీఎం గారు, కూర్చునేది ఛత్రపురంలో. ఆవకాయ ధర కోసం ఛత్రపురం బస్సెక్కాలా అని ఆయన బెంగ. “ఆ డీఎం కాదు తాతయ్యా, డైరెక్ట్ మెసేజ్” అన్నాడు మనవడు. “ఆయనే నయంరా, అర్జీకి నంబరైనా ఇస్తారు” అన్నారు తాతగారు. మనవడు మెసేజ్ పెట్టాడు. ‘హాయ్! వివరాలకు కాల్ చేయండి’ అని వచ్చింది. కాల్ చేస్తే అవతల నుంచి ఒక ముసలావిడ గొంతు: “ఫోనులో ఏటి బాబూ, కొట్టుకి వచ్చెయ్యి!”

వెళితే ఆవిడే గల్లా దగ్గర ఉంటుంది. నోరు తెరిచేలోపే చెంచాతో ఊట తీసి అరచేతిలో వేస్తుంది. ధర చెబుతుంది. కారం ఎక్కువైందని మొహం చూసి పసిగట్టి పక్క జాడీ మూత తీస్తుంది. రైల్లో దూరం వెళ్లేవారైతే విరగని అప్పడం ఏదో తనే కట్టిస్తుంది. 2006లో పుట్టిన ట్విట్టర్‌కి తొలినాళ్లలో, ఎస్సెమ్మెస్‌కున్న 160 అక్షరాల్లో ఇమడాలని 140కి హద్దు గీశారు, 2017లో దాన్ని 280 చేశారు. ఈవిడకి 140 ఏనాడూ నిండలేదు. పక్కనే ఖాతా నడిపే కుర్రాడు జాడీకి ఫిల్టర్ వేస్తున్నాడు. ఎవరో గిరాకీ వచ్చి పిలిస్తే, “ఒక్క నిమిషం అంకుల్, లైటింగ్ పోతుంది” అన్నాడు.

పట్టుదీ ఇదే వరస. బరంపురం పట్టుకి 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని అంచుని ఫొడా కుంభ అంటారు, గుడి శిఖరాలు వరసగా నిలబెట్టినట్టు ఉంటుంది. మగవాళ్లు కట్టుకునే జోడు వేరే. నేసేవాళ్లు ఒకప్పుడు ఆంధ్ర నుంచి వచ్చిన దేవాంగులు. చెప్పుకోవడానికి ఇంత ఉండగా పోస్టులో ఉండేది ‘ఎలిగెన్స్ రీడిఫైన్డ్’ అన్న రెండు ముక్కలు, వాటి కింద హ్యాష్‌ట్యాగుల బారు. కుంభం మాత్రం మోడల్ గారి కుచ్చిళ్లలో దాక్కుంటుంది.

ఆ హ్యాష్‌ట్యాగుల్లో ఊరి పేరుదీ తంటాయే. రైల్వేకి బ్రహ్మపూర్, పాత కాగితాల్లో బెర్హంపూర్, మనకి బరంపురం. చాలదన్నట్టు బెంగాల్లో ముర్షిదాబాద్ జిల్లాలో ఇంకో బెర్హంపూర్ ఉంది. 2024లో అక్కడ అధీర్ రంజన్ చౌదరి మీద క్రికెటర్ యూసుఫ్ పఠాన్ నిలబడి గెలిచారు. ఆ రోజుల్లో ఆ ట్యాగు కింద అప్పడాలు పెట్టినవాడి గతి ఊహించుకోండి.

పొట్టి సందేశానికి విలువ లేదని ఎవరూ అనరు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అప్పటికే లక్షల మందిని ఖాళీ చేయించారు. ఆ వేళ జనానికి కావలసింది ఎప్పుడు, ఎక్కడ, ఎటు పోవాలి అన్న మూడు ముక్కలే. వాటి పక్కన ఎవరి ఫొటో ఉందో ఎవరికీ పట్టలేదు.

తర్వాత సర్కారు ఆఫీసులు కూడా ఖాతాలు తెరిచాయి. 2019 అక్టోబరు 2న ఒడిశాలో ‘మో సర్కార్’ కార్యక్రమం మొదలైంది. పోలీసు స్టేషనుకో, ఆస్పత్రికో వెళ్లొచ్చినవాళ్లకి పైనుంచి ఫోన్ చేసి ‘మిమ్మల్ని ఎలా చూశారు?’ అని అడిగేవారు. అప్పటి ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్, అంటే మన హింజిలి ఎమ్మెల్యే, తనే కొందరికి ఫోన్ చేసేవారు. సర్కారే ఫోన్ చేసి అడిగే రోజులొచ్చాయి కదా అని మా వీధివాళ్లు ధైర్యం చేసి, పొంగుతున్న మురుగుకాలువ ఫొటో పెట్టారు. ఒక ఆఫీసు ‘నోటెడ్’ అని రాసి రెండో ఆఫీసుని ట్యాగ్ చేసింది. రెండోది మూడోదాన్ని చేసింది. మూడోది మళ్లీ మొదటిదాన్నే చేసింది. కాలువకి ముగ్గురు ఫాలోవర్లు దొరికారు. నీళ్లు మాత్రం ఎవర్నీ ట్యాగ్ చేయకుండా నేరుగా వంటింట్లోకి వచ్చాయి.